తూర్పు దిమ్మె

గ్యాస్ ట్యాంకు అనగానే అందరూ మంట గురించే అడుగుతారు. పేలుతుందా, పేలితే ఎంత దూరం వస్తుంది, ముందుగా వాసన తెలుస్తుందా అని. కింద నేల ఎట్లా ఉందని ఇంతవరకు నన్ను ఒక్కరూ అడగలేదు. ట్యాంకు చేసేవాళ్ళు దాన్ని మందపాటి ఉక్కుతో చేసి, పరీక్షించి, ముద్ర వేసి పంపిస్తారు. అది అంత సులభంగా చెడదు. చెడేది దాని కింద మనం కట్టే దిమ్మె. రెండు దిమ్మెల్లో ఒకటి వేలెడు కుంగితే చాలు, ట్యాంకుకు బిగించిన పైపు వంగి అతుకు దగ్గర సన్నగా కారడం మొదలవుతుంది. ట్యాంకులో ఉండే ప్రొపేన్ గ్యాస్ గాలికన్నా బరువు. పైకి లేచి పోదు. నేల మీద పాకుతూ పల్లం ఎక్కడుంటే అక్కడికి పోయి కూర్చుంటుంది. నేను చెప్పబోయే చోట ఆ పల్లంలో ఉన్నది ఆడవాళ్ళు పొద్దస్తమానం కూర్చుని శనగలు ఏరే షెడ్డు.

ఈ పని నేను కువైట్‌లో నేర్చుకున్నాను. అక్కడ గ్యాస్ ట్యాంకుల యార్డులో నాలుగేళ్ళు ఫోర్‌మన్‌గా ఉన్నాను. భార్య చనిపోయిందని కబురొస్తే వదిలేసి వచ్చాను, మళ్ళీ పోలేదు. మాకు పిల్లలు లేరు. ప్రొద్దుటూరులో ఒక గది తీసుకుని ఉండేవాణ్ణి. దినాలకు వచ్చిన బంధువులు ఏడువు, ఏడిస్తే తేలికవుతుంది అని, ఆముదం తాగమని చెప్పినట్టు చెప్పారు. నాకు ఏడుపు రాలేదు. రాకపోవడం వాళ్ళకు పెద్ద తప్పుగా కనిపించింది, నా వెనక గుసగుసలు కూడా పోయారు. నాకు దాని మీద కోపం కూడా రాలేదు. కూరలో ఉప్పు లేకపోయినా, రెండుసార్లు వేసినా ఒకటే రుచి. ఒకరోజు పక్క గదాయన వచ్చి, వేడి గిన్నె అట్లా పట్టుకుని నిలబడ్డావేమప్పా అంటే అప్పుడు చూసుకుని కింద పెట్టాను. చేతికి బొబ్బ లేచింది. అది కూడా నాలుగు రోజులకు తగ్గిపోయింది.

అట్లా ఉన్న రోజుల్లోనే ప్రొద్దుటూరు వ్యాపారి ఒకాయన నన్ను పిలిపించాడు. జమ్మలమడుగు నుంచి పెద్దముడియం పోయే దారిలో ఆయనకు పుట్నాల మిల్లు ఉంది. ఆ చుట్టుపక్కల నల్లరేగడి పొలాల్లో పండేదంతా శనగే. దాన్ని నానబెట్టి, వేయించి, పొట్టు తీసి పుట్నాలు చేస్తారు. అన్నాళ్ళూ కట్టెలతో, శనగపొట్టుతో వేయించిన మనిషి ఇప్పుడు గ్యాస్‌కు మారదామనుకున్నాడు. ట్యాంకు తెచ్చి పెట్టేది గ్యాస్ కంపెనీవాళ్ళు, కింద పునాది మాత్రం మిల్లు యజమాని కట్టించుకోవాలి. కువైట్‌లో చేసొచ్చిన మనిషి ఊళ్ళోనే ఉన్నాడని ఎవరో చెప్పారట. సరేనన్నాను. కాదని చెప్పడానికి కూడా కొంచెం ఓపిక కావాలి కదా.

మేస్త్రీగా మా మామను పెట్టుకున్నాను. మామ అంటే నా భార్య తండ్రి. తొండూరు దగ్గర పల్లె. వాళ్ళది గొర్రెలు మేపుకునే ఇల్లు, ఆయన ఒక్కడే తాపీ పట్టాడు. పులివెందుల వైపు ఆయనకు ఒక పేరుంది. పునాదికి ఆయన్ని పిలవండి, పైన గోడలు ఎవరైనా కడతారు అనేవాళ్ళు. కూతురు పోయినప్పటి నుంచి ఆయన పనికి పోకుండా ఇంట్లో కూర్చున్నాడు. నేనేదో పెద్ద మనసుతో పిలిచానని అత్త అనుకుంది. అదేం లేదు. నా ఫోన్‌లో ఉన్న మేస్త్రీ నంబరు అదొక్కటే. ఆయన మరునాడే గడ్డపార, తాపీ, లెవెల్ పైపు మూట కట్టుకుని వచ్చి, మిల్లు వెనక రేకుల గదిలో దిగాడు. మేమిద్దరం చనిపోయిన నా భార్య మాట ఎత్తలేదు. ఎత్తకూడదని అనుకోలేదు కూడా, పని మాటలతోనే రోజు గడిచిపోయేది.

నల్లరేగడి మీద ఏదీ నిలబెట్టకూడదు. వానకు ఉబ్బుతుంది, ఎండకు కాలు దూరేంత నెర్రెలు విచ్చుతుంది. దాన్ని దాటుకుని కింద బండ తగిలే దాకా తవ్వాలి. పడమటి దిమ్మెకు తీసిన గుంతలో ఆరడుగులకే బండ తగిలింది. మామ గడ్డపారతో నాలుగు చోట్ల కొట్టి, చప్పుడు విని, ఇది కదలదు అన్నాడు. తూర్పు గుంతలో ఆ బండే ఏటవాలుగా కిందికి దిగిపోయింది, తొమ్మిదడుగులకు గాని దొరకలేదు. డ్రాయింగ్‌లో ఇట్లాంటి చోటుకు ఒకటే మాట రాసి ఉంటుంది. బండ దగ్గర్నుంచి పైదాకా కాంక్రీటు నింపాలి. ఆ మాట మామకు చెప్పి నేను పులివెందుల వెళ్ళాను. అక్కడ చీనీకాయల, అంటే బత్తాయిల, రసం తీసే ఫ్యాక్టరీలో ఇంకో చిన్న ట్యాంకు పని కూడా నాదే. రెండు రోజులకు తిరిగి వచ్చేసరికి తూర్పు గుంత నిండిపోయి, పైన కమ్మీలు కట్టి, దిమ్మెకు అడుగుగా ఉండే కాంక్రీటు కూడా పోసి ఉంది. చక్కగా, మట్టంగా ఉంది. లోపల ఏం పోశావని నేను అడగలేదు.

మామ పోసింది బండల పొడి. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల చుట్టూ నల్లబండలు పాలిష్ చేసే మిషన్లు ఎన్ని ఉన్నాయో లెక్కలేదు. నీళ్ళు పోస్తూ అరగదీస్తారు కాబట్టి తెల్లటి బురద కారుతుంది, దాన్ని రోడ్ల పక్కన గుట్టలు పోస్తారు. ఎండితే గడ్డపార కూడా దిగదు. మా వైపు పశువుల కొట్టంలో గుంత పడినా, వాకిలి ఎత్తు చేయాలన్నా, బాటలో గుంతలు పూడ్చాలన్నా అందరూ పోసేది అదే. మామ నలభై ఏళ్ళుగా అది పోస్తూనే ఉన్నాడు, ఏ వాకిలీ కుంగలేదు. వాకిలి మీద ఎవరూ నీళ్ళు నింపిన ఇనప ట్యాంకు నిలబెట్టలేదు కాబట్టి కుంగలేదు. ఎండినప్పుడు రాయిలా ఉండే ఆ పొడి నీళ్ళు తగిలితే మళ్ళీ పాత బురదే. పైన పటారం లోన లొటారం అని ఊరికే అనలేదు. మోసం చేద్దామని ఆయన ఆ పని చేయలేదు. ఈ దేశంలో అల్లుడికి ఇది మొదటి పెద్ద పని, అంత సిమెంటు మిగిలిస్తే యజమాని దగ్గర పేరొస్తుందనుకున్నాడు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

దిమ్మెలు లేచాయి. వాటి తలలు ట్యాంకు కడుపుకు సరిపోయేలా గుర్రపు జీను మాదిరి వంపుగా పోశాం. పడమటి దిమ్మె మీద బోల్టులు గట్టిగా బిగిస్తారు. తూర్పు దిమ్మె మీద మాత్రం బోల్టు రంధ్రం కోలగా ఉంటుంది, మా ఎండకు ఉక్కు సాగితే అటూ ఇటూ జరగడానికి. అసలు బోల్టులు ఎందుకు, అంత బరువు దాన్ని ఎవరు ఎత్తుకుపోతారు అని మామ అడిగాడు. వరద వస్తే ఖాళీ ట్యాంకు తేలిపోతుందని చెప్పాను.

"ఇనుము తేలుతాదా? నా సెవిలో పూలు పెడతాండావా?" అన్నాడు.

బావిలో మూత బిగించిన ఖాళీ బిందె పడేస్తే మునుగుతుందా అని అడిగాను. తల గోక్కుని, నువ్వు చదువుకున్నోడివిలే అన్నాడు. ఆ మాట ఆయన తరచుగా అనేవాడు. నా డిప్లొమా మీద, నా కువైట్ మీద ఆయనకున్నంత గురి నాకెప్పుడూ లేదు.

క్రేన్‌తో ట్యాంకును దించి కూర్చోబెట్టాక దాని నిండా నీళ్ళు పట్టాం. ప్రొపేన్ కన్నా నీళ్ళు రెట్టింపు బరువు. నీళ్ళను వారం రోజులు మోసిన దిమ్మె గ్యాస్‌ను నవ్వుతూ మోస్తుంది. ఆ వారమంతా రోజూ పొద్దున దిమ్మెల నాలుగు మూలలా పెట్టిన ఎర్రచుక్కల మీద కొలతకర్ర నిలబెట్టి, దూరం నుంచి లెవెల్ మిషన్‌లో చూసి, కనపడిన అంకె పుస్తకంలో రాయాలి. అంకె మారకపోతే దిమ్మె నిలిచినట్టు. మారితే కుంగినట్టు. అంతకన్నా తేలిక పని సైటులో లేదు, అంతకన్నా ముఖ్యమైనదీ లేదు. కర్ర పట్టుకునేది మామ. చూసి రాసేది నేను.

మొదటి మూడు రోజులు చూసి రాశాను. మూడోనాటి సాయంత్రం అదను కాని వాన కొట్టింది. నాలుగో రోజు పొద్దున మిషన్ నిలబెట్టాను, దాని మట్టం చూపే బుడగను నడిమధ్యకు తెచ్చాను, కన్ను కూడా పెట్టాను. మామ చుక్క మీద కర్ర నిలిపి, ఊగకుండా రెండు చేతులతో పట్టుకుని నావైపు చూస్తున్నాడు. నేను చెయ్యి ఊపాను. ఆయన తర్వాతి మూలకు పోయాడు, మళ్ళీ ఊపాను. నాలుగు మూలలూ అయ్యాయి. పుస్తకం తీసి నిన్నటి అంకెలే ఈరోజు కింద రాశాను. అద్దంలో కర్ర కనిపించింది, కర్ర మీద అంకెలూ కనిపించే ఉంటాయి. నేను వాటిని చదవలేదు. నిద్ర లేదని గానీ, తొందర ఉందని గానీ చెప్పడానికి లేదు, ఆరోజు మనసు బాగాలేదని చెప్పడానికీ లేదు. మనసు అన్నిరోజుల మాదిరే ఉంది. ఐదో రోజూ, ఆరో రోజూ అట్లాగే రాశాను.

మామకు ఒక అలవాటు. మిషన్ ఎంత చెప్పినా సాయంత్రం తన లెవెల్ పైపుతో ఒకసారి చూసుకుంటేగాని ఆయనకు అన్నం సహించదు. సన్నటి ప్లాస్టిక్ పైపులో నీళ్ళు పోసి, ఒక కొస ఒక దిమ్మెకూ రెండో కొస రెండో దిమ్మెకూ పట్టి, నీళ్ళు ఎక్కడ నిలిచాయో పెన్సిల్ గీత పెడతాడు. నాలుగో రోజు సాయంత్రం తూర్పు గీత తేడా వచ్చింది. పైపులో గాలిబుడగ చిక్కిందనుకుని విదిలించి మళ్ళీ చూశాడు. మళ్ళీ అంతే. నా దగ్గరకు వచ్చి, పుస్తకం ఏమంటోందని అడిగాడు. తీసి చూపించాను. నాలుగు రోజులూ ఒకే అంకె.

"అయితే నా పైపే తప్పు," అన్నాడు.

మరునాడు జమ్మలమడుగు పోయి కొత్త పైపు కొనుక్కొచ్చాడు. కొత్త పైపూ అదే మాట చెప్పింది, తేడా ఇంకొంచెం పెరిగింది. నలభై ఏళ్ళు నీళ్ళను నమ్మిన మనిషి ఆ రెండు రోజులు నీళ్ళను కాదని నా పుస్తకాన్ని నమ్మాడు. కళ్ళు మసకబారినట్టుందని, పులివెందులలో కంటిడాక్టరుకు చూపించుకోవాలని కూడా అన్నాడు. నేను తల ఊపాను.

ఏడో రోజు తెల్లవారి నేను వచ్చేసరికి తూర్పు దిమ్మె పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. అడుగు కాంక్రీటు అంచున చిన్న గుంత తవ్వి, మోచేయి దాకా లోపలికి పెట్టి పిడికిలి బయటికి తీశాడు. వేళ్ళ సందుల్లోంచి తెల్లగా, గడ్డపెరుగు మాదిరి కారింది. అప్పుడు చెప్పాడు, కాంక్రీటు కాదు పొడి పోశానని. చేయి కడుక్కోకుండానే లేచి కర్ర తీసుకుని చుక్క మీద నిలబెట్టి, మిషన్‌లో చూసి పైకి చదవమన్నాడు. చదివాను. మొదటి రోజు అంకెకూ దానికీ వేలెడు తేడా. ఆయన పుస్తకం అడిగి తీసుకున్నాడు. అక్షరాలు రాకపోయినా అంకెలు బాగా తెలుసు. నాలుగు, ఐదు, ఆరు రోజుల వరుసల మీద వేలు పెట్టి నెమ్మదిగా చూశాడు. నావైపు చూడలేదు. పుస్తకం మూసి నా చేతికిచ్చాడు.

ఆ మధ్యాహ్నం యజమాని వచ్చాడు. మర్నాడు కంపెనీ మనిషి వచ్చి పుస్తకం చూసి సంతకం పెడితే, ఆ వెంటనే గ్యాస్ లారీ రావాలి. మామ ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"తప్పు నాది సామీ. నేనే పొడి పోసినా, మావోనికి తెలీదు. మావోడు రాసిందంతా నిజమే. రాత్రికి రాత్రి దిగింది."

యజమాని నన్నడిగాడు, అంతేనా అని. నేను పుస్తకం ముందుకు చాపాను. ఆయన తిరగేసి, ఆరు రోజులూ ఒకే అంకె ఉండటం చూసి, నువ్వు నీ పని సరిగానే చేశావు అన్నాడు. మామను మాత్రం సైటులో ఇంక కాలు పెట్టొద్దన్నాడు. కింద షెడ్డులో ముప్పైమంది ఆడవాళ్ళు ఉన్నారని, వాళ్ళకేమన్నా అయితే నీ ముసలితనం అడ్డం పెట్టుకుంటావా అనీ అన్నాడు. అందులో తప్పుపట్టడానికేమీ లేదు. ఆ మాటలు విన్న క్రేన్ డ్రైవరు ఉన్నాడు, సెంట్రింగ్ పనివాళ్ళు ఉన్నారు. తెల్లారేసరికి ప్రొద్దుటూరు సిమెంటు కొట్లలో, ఆ మర్నాడు పులివెందులలో ఆ మేస్త్రీ పునాదిలో పొడి పోశాడట అని చెప్పుకుంటారు. కంచే చేను మేసిందని తెలిసిన మనిషి ఒక్కడే ఉన్నాడు, ఆయన మూట కట్టుకుంటున్నాడు. సిగ్గుగా ఉందా అని నన్ను నేను తడుముకుని చూశాను. ఏమీ తగల్లేదు.

మామను ఇంటి దగ్గర దింపడానికి బండి తీశాను. జమ్మలమడుగు దాటి, ముద్దనూరు దాటి తొండూరు దారిలో పోతున్నాం. ఎండ తగ్గింది. దారి పొడుగునా ఆయన మూట ఒళ్ళో పెట్టుకుని నా భుజం పట్టుకుని కూర్చున్నాడు. ఒక కల్వర్టు దగ్గర ఆపమన్నాడు. ఒంటేలుకేమో అనుకున్నాను. దిగి కల్వర్టు గట్టు మీద కూర్చుని నన్నూ కూర్చోమన్నాడు. నేను ఏ జవాబు చెప్పినా తను కష్టపెట్టుకోడని తెలియజేయడానికేమో, నా మోకాలి మీద చేయి వేశాడు. అప్పుడు అడిగాడు.

"ఫోన్లో గూడా ఇట్లనే సూస్తాంటివా అప్పా?"

నేను కువైట్‌లో ఉన్నన్నాళ్ళూ నా భార్య పుట్టింట్లోనే ఉండేది. ప్రతి శుక్రవారం నాకు సెలవు, వీడియో కాల్ చేసేవాణ్ణి. బాగుండావా అంటే బాగుండానని చెప్పేది. చివరి నాలుగు నెలల్లో ఆమె ముఖం గుండ్రంగా తయారైంది. మీయమ్మ పెట్టే సంగటి బాగా వంటబట్టినట్టుందే, శానా లావైనావు అన్నాను. నవ్వింది. మరుసటి శుక్రవారం కూడా అదే అన్నాను, మళ్ళీ నవ్వింది. అది లావు కాదు, వాపు. కిడ్నీలు చెడిపోయి, పొద్దునపూట కళ్ళు తెరుచుకోనంతగా ఉబ్బిన ముఖం. ఆ ముఖాన్ని నేను వారానికి అరగంట అరచేతిలో పెట్టుకుని చూశాను.

"అవును మామా," అన్నాను.

ఆయన రోడ్డు వైపు చూస్తూ చెప్పాడు. "నీకు సెప్పొద్దని ఆ యమ్మి నాతో ఒట్టేయించుకునింది, పని ఇడిసిపెట్టి వచ్చేస్తావని. నేను సెప్పకపోయినా, మొగం సూస్తే నీకే తెలుస్తాదిలే అనుకున్యా. ఈ వారం అడుగుతాడు, ఈ వారం అడుగుతాడు అని ప్రతి శుక్రారం ఆ గది బయటే కూసోని ఉంటి."

అప్పుడు నొప్పి తెలిసింది. ఎక్కడని చెప్పలేను, ఒళ్ళంతా ఒకేసారి తెలిసింది. గట్టు మీద కూర్చుని, బస్సుల్లో పోయేవాళ్ళు చూస్తున్నా, పెద్దగా ఏడ్చాను. మామ కూడా ఏడ్చాడు. ఆమె చనిపోయాక మేమిద్దరం కలిసి ఏడవడం అదే మొదలు.

పొద్దు గూకకముందే మామను ఎక్కించుకుని బండి వెనక్కి తిప్పాను. మామ వద్దన్నాడు, నేను వినలేదు. మిల్లుకు పోయి, మూడు రోజులు చూడకుండానే రాశానని యజమానితో చెప్పాను. పైపు పట్టుకుని మొదట కనిపెట్టింది మామేనని కూడా చెప్పాను. ఆయన నన్ను తిట్టలేదు. పుస్తకం అక్కడ పెట్టి నువ్వు కూడా పో అన్నాడు. ఆ దిమ్మెను పగలగొట్టి, పొడంతా తోడేసి, బండ దగ్గర్నుంచి కాంక్రీటుతో లేపింది వేరేవాళ్ళు. ఇప్పుడు అది గట్టిగానే ఉందని విన్నాను. దిమ్మె దగ్గర చేసిన తప్పు చెప్పడానికి, బండి వెనక్కి తిప్పుకుని పోయేందుకు ఒక మిల్లు ఉండింది. ఆమె దగ్గర చేసిన తప్పు చెప్పుకోవడానికి అట్లాంటి చోటు మా ఇద్దరికీ లేదు.